వాన చినుకు, వేడి గాజు: షెమంగ్ నది ఒడ్డున కార్నింగ్ ఫ్యాక్టరీ చరిత్ర

కిరోసిన్ లాంతరు వాడిన ఇళ్లలో ఈ సంగతి చిన్నపిల్లలకూ తెలుసు. వెలుగుతున్న లాంతరు మీద వాన చినుకు పడితే చిమ్నీ టక్కున చిట్లుతుంది. ఇంట్లో అయితే పోయేది ఒక చిమ్నీ. రైలు పట్టాల పక్కన సిగ్నల్ లాంతరుకు అదే జరిగితే మనుషుల ప్రాణాలే పోతాయి. ఆ చినుకును తట్టుకునే గాజు కోసం వెతికిన ఫ్యాక్టరీ అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ అనే చిన్న ఊళ్లో, షెమంగ్ నది ఒడ్డున ఉండేది. ఎడిసన్ బల్బుకు గాజుబుడ్డి, వంటింటి పైరెక్స్ గిన్నె, పాలోమార్ టెలిస్కోప్ అద్దం, ఇంటర్నెట్‌ను మోసే ఆప్టికల్ ఫైబర్ అన్నీ ఈ కంపెనీ నుంచే వచ్చాయి.

ఈ చరిత్రను ఎక్కువగా కనిపెట్టిన వస్తువుల జాబితాగా చెబుతుంటారు. అలా చెబితే ఒకదాని తర్వాత ఇంకొకటి ఎందుకు వచ్చిందో తెలియదు. నీటికీ గాజుకూ మధ్య ఉన్న పేచీని పట్టుకుంటే వరస దానంతటదే కుదురుతుంది. వాన నీరు, అచ్చులోని ఆవిరి, నది వరద, చివరికి గాజు అణువుల్లో ఇరుక్కున్న నీటి జాడ, ఈ ఫ్యాక్టరీ ప్రతి మలుపులోనూ నీరు ఉంది.

పడవల్లో వచ్చిన కొలిమి

షెమంగ్ పెద్ద నదేమీ కాదు. టియోగా, కొహాక్టన్ అనే రెండు నదులు కార్నింగ్‌కు కాస్త ఎగువన పెయింటెడ్ పోస్ట్ దగ్గర కలిసి షెమంగ్ అవుతాయి. అక్కడి నుంచి దిగువకు పారి పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నదిలో కలిసిపోతుంది. నది చిన్నదైనా దాని పరీవాహకమంతా కొండలు. కొండల మీద పడిన వాన గంటల్లోనే ఊరి ముందుకు వచ్చేస్తుంది. కథ ముందుకు సాగేకొద్దీ ఈ విషయం పదేపదే ఎదురవుతుంది.

ఫ్యాక్టరీ మూలాలు మాత్రం ఇక్కడివి కావు. ఎమోరీ హోటన్ సీనియర్ మసాచుసెట్స్‌లో గాజు వ్యాపారం చేసి, 1864లో న్యూయార్క్ నగరం పక్కనున్న బ్రూక్లిన్ ఫ్లింట్ గ్లాస్ వర్క్స్‌ను కొన్నారు. నగరంలో బొగ్గు ఖరీదు, కూలీ కూడా ఎక్కువే. కార్నింగ్‌కు రైలు మార్గంలో పెన్సిల్వేనియాలోని బ్లాస్‌బర్గ్ గనుల బొగ్గు నేరుగా వస్తుంది. ఊరి పెద్దలు కూడా ఫ్యాక్టరీ వస్తే 50,000 డాలర్ల పెట్టుబడి సమకూరుస్తామన్నారు. దాంతో 1868లో ఫ్యాక్టరీ సామగ్రి మొత్తాన్ని పడవల్లోకి ఎక్కించారు. హడ్సన్ నది మీదుగా, ఈరీ కాలువలోంచి, సెనెకా సరస్సు దాటి, షెమంగ్ కాలువ గుండా అది కార్నింగ్ చేరింది. ఆ కాలువ ఇంకో పదేళ్లకే, 1878లో, మూతపడింది. రైలు దాన్ని మింగేసింది.

బొగ్గు లెక్క నిజమైంది. ఇసుక లెక్క మాత్రం తప్పింది. దగ్గర్లో దొరికే ఇసుకతో పని జరుగుతుందనుకున్నారు. అది స్ఫటికం లాంటి గాజుకు పనికిరాలేదు. చివరికి మసాచుసెట్స్‌లోని బెర్క్‌షైర్ కొండల నుంచి ఇసుక తెప్పించుకోవాల్సి వచ్చింది. ఇసుక పనికిరాకపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది ఇనుము. ఇసుకలో ఐరన్ ఆక్సైడ్ 0.1 శాతం ఉన్నా గాజు పచ్చగా తేలుతుంది. సీసాకైతే ఫర్వాలేదు. సాన పట్టి చెక్కే క్రిస్టల్ గాజుకు అది 0.02 - 0.03 శాతం దాటకూడదు. కొద్దిగా మాంగనీస్ వేసి ఆ పచ్చదనాన్ని విరగ్గొట్టవచ్చు. మోతాదు మించితే మాత్రం గాజు ఊదారంగుకు తిరుగుతుంది. నది ఒడ్డున ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఇసుకకు కొదవ ఉండదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నది ఇసుకలో మట్టి, ఇనుము, అభ్రకం కలిసే ఉంటాయి.

పని మొదలైన రెండేళ్లకే, 1870లో, కంపెనీ దివాలా తీసింది. 1872లో కొడుకు ఎమోరీ హోటన్ జూనియర్ దాన్ని మళ్లీ నిలబెట్టారు. 1875లో అది కార్నింగ్ గ్లాస్ వర్క్స్ అయింది.

అప్పటి ఫ్లింట్ గాజు అంటే సీసం కలిసిన గాజు. పాత పాళ్లు గుర్తుపెట్టుకోవడం తేలిక: ఇసుక మూడు పాళ్లు, సీసం ఆక్సైడ్ రెండు పాళ్లు, పొటాష్ ఒక పాలు. దీన్ని మూత ఉన్న మట్టి మూసల్లో కరిగించాలి. మూత లేకపోతే బొగ్గు పొగ గాజుకు తగిలి, సీసం ఆక్సైడ్ లోహంగా మారి, గాజు నల్లబడుతుంది. మూస తయారీయే ఒక పెద్ద పని. నిప్పుమట్టిలో పాత మూసల పొడి కలిపి, కాళ్లతో తొక్కి, గాలి బుడగ లేకుండా రోజుకు కొంచెం చొప్పున గోడ లేపుతారు. ఆపైన నెలల తరబడి నీడలో ఆరబెడతారు. కొలిమిలో పెట్టే ముందు వేరే బట్టీలో రోజుల తరబడి మెల్లగా వేడెక్కిస్తారు. మట్టిలో తడి ఏ మూల మిగిలినా ఆవిరై, మూస బీట వారి, టన్ను గాజు కొలిమి అడుగుకు కారిపోతుంది. నీటితో మొదటి పేచీ ఇక్కడే.

తెల్లగా కనబడిన ఎర్ర లాంతరు

1880 నాటికి ఎడిసన్ దీపాలకు గాజుబుడ్డీలు ఊది ఇవ్వడం మొదలైంది. ఊదే మేస్త్రీ, గాజు తీసి ఇచ్చే కుర్రాడు, అచ్చు తెరిచి మూసే ఇంకొకడు కలిసి నిమిషానికి రెండు బుడ్డీలు తీసేవారు. ఇవి ఊదే అచ్చులో ఒక కిటుకు ఉంది. ఇనుప అచ్చు లోపలి గోడకు బొగ్గుపొడి లేపనం పూసి, ప్రతిసారీ నీళ్లలో తడుపుతారు. వేడి గాజు తగలగానే ఆ తడి ఆవిరై, గాజుకూ ఇనుముకూ మధ్య పలుచని ఆవిరి పొర ఏర్పడుతుంది. గాజును ఆ పొర మీద గిరగిరా తిప్పుతూ ఊదితే అచ్చు అతుకు గీత పడదు, ఉపరితలం నునుపుగా వస్తుంది. తడి తక్కువైతే గాజు ఇనుముకు రాసుకుని గీతలు పడతాయి. ఎక్కువైతే ఆవిరి ఒకేచోట తన్ని గాజు సొట్టపోతుంది.

రైల్వే లాంతర్ల దగ్గర నీరు ఇంత సాధువుగా ఉండలేదు. లోపల మంట, బయట వాన, మంచు. గాజు లోపలి వైపు వేడికి వ్యాకోచించి ఉంటే, చినుకు పడిన చోట బయటి పొర ఒక్కసారిగా సంకోచించబోతుంది. చుట్టూ ఉన్న వేడి గాజు దాన్ని కదలనివ్వదు. ఆ లాగుడుకు పొర చిరిగిపోతుంది. గాజు నొక్కుడుకు ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగుడుకు ఓర్చుకోదు. వేడి గాజు మీద చల్లని నీరు పడితే పగలడం, చల్లని గాజులో వేడి నీరు పోసినప్పుడు కొన్నిసార్లు బతికిపోవడం అందుకే. మొదటి సందర్భంలో నీరు తగిలిన ముఖమే లాగుడుకు గురవుతుంది. గీతలు ఉండేదీ, పగులు మొదలయ్యేదీ ఆ ముఖం మీదే.

ఆ రోజుల్లో చాలా రైల్వేల్లో ఎరుపు అంటే ఆగు, తెలుపు అంటే దారి ఉంది పొమ్మని. ఎర్ర గాజు వానకు పగిలి రాలిపోతే వెనకున్న కిరోసిన్ మంట తెల్లగా కనిపిస్తుంది. ఆగమని చెప్పాల్సిన దీపం పొమ్మని చెబుతుంది. రైల్వేలు చివరికి ‘పో’ గుర్తుగా తెలుపును వదిలి ఆకుపచ్చకు మారడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఏ గాజు ఎంత ఎరుపు, ఎంత పచ్చ ఉండాలో నిర్ణయించే పనిని కార్నింగ్‌లో విలియం చర్చిల్ చేశారు. 1908లో రైల్వే సిగ్నల్ అసోసియేషన్ ఆ రంగుల ప్రమాణాలను ఆమోదించింది.

అదే 1908లో యూజీన్ సలివన్ అనే రసాయన శాస్త్రవేత్త కార్నింగ్‌లో పరిశోధనశాల పెట్టారు. వేడికి తక్కువ వ్యాకోచించే బోరోసిలికేట్ గాజు జర్మనీలో, యేనా ఊళ్లో, ఒట్టో షాట్ చేతుల్లో అప్పటికే పుట్టింది. కార్నింగ్ తనదైన మిశ్రమం తయారుచేసి ‘నానెక్స్’ అని పేరు పెట్టింది, వ్యాకోచించనిది అన్న అర్థంలో. లాంతర్లు పగలడం దాదాపు ఆగిపోయింది. దాంతో ఎవరూ ఊహించని చిక్కు వచ్చిపడింది: పగలని గాజును మళ్లీ ఎవరు కొంటారు? రైల్వేల నుంచి ఆర్డర్లు తగ్గాయి. ఈ గాజుకు వేరే పని వెతకాల్సి వచ్చింది.

ఈ గాజు ఎందుకు పగలదో అంకెల్లో చూడవచ్చు. మీటరు పొడవున్న కిటికీ గాజు కడ్డీని 100 డిగ్రీలు వేడిచేస్తే దాదాపు 0.9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బోరోసిలికేట్ కడ్డీ 0.33 మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఉపరితలం లోపలి భాగం కన్నా ఒక్కసారిగా 100 డిగ్రీలు చల్లబడితే మామూలు గాజులో పుట్టే లాగుడు సుమారు 80 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), బోరోసిలికేట్‌లో సుమారు 26. వాడి వాడి సన్నని గీతలు పడిన గాజు 30 నుంచి 60 మెగాపాస్కల్స్ మధ్య ఎక్కడో ఓడిపోతుంది. ఒకటి ఆ హద్దుకు అవతల, ఇంకొకటి ఇవతల. మొత్తం తేడా అక్కడే ఉంది.

కోసిన బ్యాటరీ డబ్బాలో కేకు

నానెక్స్‌కు దొరికిన పనుల్లో బ్యాటరీ డబ్బాలు ఒకటి. 1913లో కంపెనీ భౌతిక శాస్త్రవేత్త జెస్సీ లిటిల్‌టన్ రెండు డబ్బాలను అడ్డంగా కోయించి, అడుగు భాగాలను ఇంటికి తీసుకెళ్లారు. ఆయన భార్య బెస్సీ ఒకదాంట్లో స్పాంజ్ కేకు కాల్చారు. కేకు మామూలు కన్నా త్వరగా, అన్ని వైపులా ఒకేలా కాలింది, గిన్నెకు అంటుకోలేదు. లిటిల్‌టన్‌కు ఇందులో కనిపించింది వంట ఒక్కటే కాదు. ఓవెన్‌లో వేడి ఎక్కువభాగం గోడల నుంచి కిరణాల రూపంలో వస్తుంది. మెరిసే లోహపు గిన్నె ఆ కిరణాలను తిప్పికొడుతుంది, గాజు వాటిని పీల్చుకుంటుంది. గాజుకు వేడి ఎక్కదు కాబట్టి వంటకు పనికిరాదనుకునే వాళ్లందరి లెక్క తప్పని ఆ కేకు తేల్చింది.

అయితే నానెక్స్‌లో సీసం ఉంది. తిండి వండే పాత్రకు అది కుదరదు. సలివన్, విలియం టేలర్ కలిసి సీసం లేని మిశ్రమం తయారుచేశారు. 1915లో అది పైరెక్స్ పేరుతో బజారుకు వచ్చింది. పాళ్లు దాదాపు ఇవి: సిలికా 81 శాతం, బోరిక్ ఆక్సైడ్ 13, సోడియం ఆక్సైడ్ 4, అల్యూమినా 2. మామూలు గాజులో సోడా, అంటే ఆ సోడియం ఆక్సైడే, 13 - 14 శాతం ఉంటుంది. సోడా ఇసుకను తేలిగ్గా కరిగేలా చేస్తుంది, కాకపోతే సిలికా అల్లికను తెంచి గాజును వేడికి ఎక్కువ సాగేలా కూడా చేస్తుంది. బోరాన్ కరిగే వేడిని తగ్గిస్తూనే అల్లికలో తానూ ఒక ముడిగా కూర్చుంటుంది. అందుకే సోడాను ఇంతగా తగ్గించగలిగారు.

తయారీలో మాత్రం ఇది మొండి గాజు. ఊదడానికి, అచ్చు వేయడానికి మామూలు గాజుకు 1000 డిగ్రీల ప్రాంతం చాలు, దీనికి 1250 దాకా కావాలి. కరిగించే వేడి 1600 దగ్గరకు పోతుంది, కొలిమి ఇటుకలు త్వరగా తినేసుకుపోతాయి. ఇంకో బాధ బోరాన్ ఆవిరైపోవడం. కరిగిన గాజు పైపొర నుంచి బోరాన్ లేచిపోతే అక్కడ సిలికా పాలు పెరిగి, చిక్కటి పొర ఏర్పడుతుంది. అది కిందికి కలిసిపోతే తయారైన పాత్రలో నీళ్లలో చక్కెర పాకం కరుగుతున్నట్టు వంకర చారలు కనిపిస్తాయి. ఆ చారలో వ్యాకోచం వేరు కాబట్టి పగులు అక్కడే పుడుతుంది. పైపొరను వాడకుండా అడుగు నుంచి గాజు తీసుకోవడం, కరిగిన గాజును బాగా కలపడం దీనికి మందు.

మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మనీ నుంచి యేనా గాజు రావడం ఆగిపోయింది. అమెరికా ప్రయోగశాలలు బీకర్లు, ఫ్లాస్కుల కోసం కార్నింగ్ వైపు తిరిగాయి. మన కాలేజీ ల్యాబుల్లో పరీక్షనాళికల మీద కనిపించే బోరోసిలికేట్ అన్న మాట ఆ వంశానిదే. వయల్స్ అనే చిన్న మందు సీసాలు కూడా ఆ కుటుంబంలోవే. తెలంగాణలో మహబూబ్‌నగర్ దగ్గర వేములలో ఎస్‌జీడీ ఫార్మాతో కలిసి బోరోసిలికేట్ గొట్టాలు తయారుచేసే పనిని కార్నింగ్ చేపట్టింది కూడా ఈ అవసరం కోసమే.

వంటింటి విషయంలో ఒక జాగ్రత్త. కార్నింగ్ 1998లో వంటసామాన్ల విభాగాన్ని అమ్మేసింది. ఇప్పుడు అమెరికాలో పైరెక్స్ పేరుతో అమ్మే గిన్నెలు గట్టిపరచిన సోడా-సున్నం గాజువి. కింద పడితే కాస్త ఎక్కువ ఓర్చుకుంటాయి, వేడి తేడాకు మాత్రం బోరోసిలికేట్ అంత ఓర్చుకోవు. ఓవెన్ నుంచి తీసిన గిన్నెను తడి గట్టు మీద పెట్టకూడదు. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఇది గుర్తుంచుకోవాలి.

ఇరవై టన్నుల అద్దం, పక్కనే నది

ఈ ఫ్యాక్టరీ చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైనది కాలిఫోర్నియాలోని పాలోమార్ టెలిస్కోప్ అద్దం. వెడల్పు 200 అంగుళాలు, అంటే 5 మీటర్ల పైచిలుకు. మొదట జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ శుద్ధమైన సిలికాతో ప్రయత్నించి విఫలమైంది. పని కార్నింగ్‌కు వచ్చింది. బాధ్యత జార్జ్ మెకాలీది.

అద్దాన్ని గట్టి దిమ్మగా పోస్తే బరువు భరించలేరు, చల్లార్చడానికి ఏళ్లు పడుతుంది. గాజు ఎంత మందంగా ఉంటే అంత మెల్లగా చల్లార్చాలి. ఆ లెక్క వర్గంలో పెరుగుతుంది: మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు. అందుకని వెనక వైపు తేనెపట్టులా గదులు వదిలి, పలుచని గోడల అల్లికతో అద్దం రూపొందించారు. బరువు సగమైంది, 20 టన్నులకు దిగింది. గదులు రావాలంటే అచ్చులో ఆ ఆకారంలో నిప్పుఇటుక దిమ్మెలు నిలబెట్టి, వాటి చుట్టూ గాజు పోయాలి. గాజు కన్నా తేలికైన దిమ్మెలు తేలిపోకుండా ఉక్కు బోల్టులతో అడుగుకు బిగించారు.

1934 మార్చి 25న జనం చూస్తుండగా పోత మొదలైంది. పెద్ద గరిటెలతో కొలిమి నుంచి గాజు తెచ్చి ఒక్కొక్కటిగా అచ్చులో పోస్తున్నారు. వేడికి లోపలి బోల్టులు కొన్ని కరిగాయి. దిమ్మెలు ఊడి గాజు మీదికి తేలాయి. పోత పూర్తిచేశారు గానీ ఆ అద్దం పనికిరాదని తేలిపోయింది. తప్పు గాజులో లేదు, నాలుగు వేళ్ల మందం లేని లోహపు బోల్టుల్లో ఉంది. రెండోసారి క్రోమియం-నికెల్ ఉక్కు బోల్టులు వాడి, వాటికి గాలి తగిలి చల్లగా ఉండే ఏర్పాటు చేశారు. 1934 డిసెంబరు 2న రెండో పోత కుదిరింది.

ఆ తర్వాతది చల్లార్చే పని, ఫ్యాక్టరీ మాటలో అనీలింగ్. గాజు కొలిమిలో అందం పుడుతుంది, ఆయుష్షు మాత్రం ఈ చల్లార్చే బట్టీలోనే పుడుతుంది. వేడి గాజు త్వరగా చల్లబడితే పైపొర ముందు గడ్డకడుతుంది, లోపలి భాగం ఆ తర్వాత కుంచించుకుంటూ పైపొరను లోపలికి లాగుతుంది. ఆ ఒత్తిడి శాశ్వతంగా ఉండిపోతుంది. అలాంటి గాజు చూడ్డానికి బాగానే ఉండి, నెలల తర్వాత ఏ కారణం లేకుండా రాత్రిపూట రెండు ముక్కలవుతుంది. ఒత్తిడి ఉందో లేదో కంటికి తెలియదు. ఎదురెదురుగా అడ్డంగా తిప్పిన రెండు పోలరాయిడ్ ఫలకాల మధ్య పెట్టి చూస్తే ఒత్తిడి ఉన్నచోట రంగులు తేలతాయి. పాలోమార్ అద్దం కీలకమైన దశలో రోజుకు ఒక డిగ్రీ కన్నా తక్కువ చొప్పున దిగాలి. మొత్తం పది నెలలు విద్యుత్ హీటర్లు ఆగకూడదు.

ఏడు నెలలు గడిచాక, 1935 జులైలో, షెమంగ్ పొంగింది. నీరు ఫ్యాక్టరీలోకి వచ్చింది. హీటర్లకు కరెంటు ఇచ్చే పరికరాలు నీట మునిగే ఎత్తులో ఉన్నాయి. వాటిని విప్పి పైకి తరలించే వరకు, దాదాపు మూడు రోజులు, బట్టీకి కరెంటు లేదు. లాంతరు మీద పడిన చినుకు కథే మళ్లీ, ఈసారి ఇరవై టన్నుల గాజుతో. అద్దం బతికింది. అంత బరువైన గాజు, దాని చుట్టూ మందపాటి బట్టీ గోడలు పట్టి ఉంచిన వేడి అంత త్వరగా జారిపోదు. వరద నీరు ఎక్కడో ఒకచోట గాజును నేరుగా తాకి ఉంటే ఏ బరువూ కాపాడేది కాదు.

1936 మార్చి 26న అద్దాన్ని నిలువుగా, ఉక్కు పెట్టెలో, పట్టాలకు అతి తక్కువ ఎత్తులో ఉండే ప్రత్యేక వ్యాగన్ మీద నిలబెట్టి రైల్లో పంపారు. వంతెనల కిందుగా పోవాలంటే అంత కిందికి దించక తప్పలేదు. గంటకు 25 మైళ్లు మించకుండా నడిపి ఏప్రిల్ 10న కాలిఫోర్నియాలోని పాసడీనా చేర్చారు. అక్కడ సాన పట్టడంలో ఐదు టన్నుల గాజు అరిగిపోయింది. యుద్ధం వల్ల పని ఆగి, టెలిస్కోప్ 1948 జూన్ 3న అంకితమైంది.

ఈలోగా బల్బుల పని చేతుల నుంచి యంత్రానికి మారింది. గాజు ఊదే మేస్త్రీగా పనిచేసిన విలియం వుడ్స్ ఆలోచనతో, ఇంజినీర్ డేవిడ్ గ్రే రూపకల్పనతో 1926లో రిబ్బన్ మెషిన్ వచ్చింది. కరిగిన గాజు ధారను రెండు రోలర్ల మధ్య పట్టీలా నొక్కి, రంధ్రాలున్న పలకల గొలుసు మీద నడిపిస్తారు. రంధ్రం ఉన్నచోట గాజు తన బరువుకే కిందికి జారుతుంది. పై నుంచి గాలి ఊదుతుంది, కింద తడి అచ్చు మూసుకుని గిరగిరా తిరుగుతుంది. చేతితో నిమిషానికి రెండు వచ్చే చోట కాలక్రమంలో వెయ్యికి పైగా రావడం మొదలైంది. అంత మారినా అచ్చులోని ఆవిరి పొర మాత్రం మారలేదు.

1972 జూన్ 23

ఆగ్నెస్ తుపాను వానకు 1972 జూన్ 23 తెల్లవారుజామున షెమంగ్ కరకట్టలు దాటింది. కార్నింగ్ పరిసరాల్లో 18 మంది చనిపోయారు. ఊరి మధ్యకూ ప్లాంట్లలోకీ నీరు చేరింది. 1951లో కంపెనీ కట్టించిన గాజు మ్యూజియంలో నీరు ఐదడుగుల నాలుగు అంగుళాల ఎత్తు నిలిచింది.

నడుస్తున్న గాజు కొలిమికి వరద అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. కొలిమిని స్విచ్ కట్టేసినట్టు ఆపలేరు. ఒక్కసారిగా చల్లబడితే ఇటుకలు బీటలు వారతాయి, గడ్డకట్టిన గాజు ఇటుకకు అతుక్కుని కుంచించుకుంటూ దాన్ని ముక్కలుగా లాగేస్తుంది. కరిగిన గాజు కిందికి నీరు చేరితే ఆవిరి పేలుడు ప్రమాదం. నీరు తీసిన తర్వాత కూడా ఇటుకల్లోని తడి పోయేదాకా రోజుల తరబడి సన్నని మంటతో ఆరబెట్టి, అప్పుడు మెల్లగా వేడి పెంచాలి. కొలిమి కడితే దాని ప్రాణం వేడిలోనే ఉంటుంది, చల్లారితే సగం చచ్చినట్టే.

మ్యూజియంలో ఉన్న 13,000 వస్తువుల్లో దెబ్బతిన్నవి 528. ఐదడుగుల బురదనీరు నిండిన గదుల్లో గాజు ఇంత బతకడం ఆశ్చర్యమే. గాజుకు నీరు కొద్దిరోజుల్లో చేసే హాని తక్కువ. చాలా వస్తువులకు దెబ్బ తగిలింది నీటి మీద తేలిన అల్మారాలు తిరగబడటం వల్ల. వెనకటి రోజుల్లో జిగురుతో అతికించిన పురాతన పాత్రల అతుకులు నీటిలో వీడిపోవడం ఇంకో ప్రమాదం. బురద అంటిన గాజును గుడ్డతో తుడవకూడదు. ఒండ్రులో సన్నని ఇసుక ఉంటుంది, అది గాజును గీస్తుంది. ముందు నీళ్లు మెల్లగా పారించి ఒండ్రును వదిలించి, ఆ తర్వాతే చేయి పెట్టాలి.

నిజంగా దెబ్బతిన్నది లైబ్రరీ. పుస్తకాల్లో సగానికి పైగా తడిశాయి. తడిసిన కాగితం వేసవిలో రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది. మెరుపు పూత ఉన్న పేజీలు ఆరుతూ ఒకదానికొకటి అతుక్కుని దిమ్మెలైపోతాయి. అన్నింటినీ ఒకేసారి ఆరబెట్టే మనుషులు, చోటు ఎక్కడా ఉండవు. అందుకని వాటిని ఫ్రీజర్లలో గడ్డకట్టించి కాలాన్ని ఆపేశారు. తర్వాత కొద్దికొద్దిగా తీసి ఆరబెట్టి బాగుచేశారు. ఇప్పుడు ఏ ఊళ్లో గ్రంథాలయం నీట మునిగినా నిపుణులు మొదట చెప్పే మాట ఇదే: ఆరబెట్టలేకపోతే గడ్డకట్టించండి. తాళపత్రాలు, పాత పత్రికలు దాచే మన సంస్థలు కూడా తుపాను కాలానికి ముందే దగ్గర్లో కోల్డ్ స్టోరేజీ ఎక్కడుందో తెలుసుకుని ఉంచుకోవడం మంచిది. కోస్తాలో రొయ్యల కోసం కట్టిన కోల్డ్ స్టోరేజీలకు కొదవ లేదు.

మ్యూజియం అదే ఏడాది ఆగస్టు 1న మళ్లీ తెరుచుకుంది. కంపెనీ ఊరు వదిలిపోలేదు. 1980లో ఆర్కిటెక్ట్ గునార్ బర్కర్ట్స్ గీసిన కొత్త మ్యూజియం భవనం స్తంభాల మీద, 1972 నీటిమట్టానికి పైన లేచింది. ఎగువన టియోగా, కొవానెస్క్ నదుల మీద వరద నియంత్రణ డ్యాములు వచ్చాయి.

గాజులో దాగిన నీరు

వరదకు రెండేళ్ల ముందు, 1970లో, రాబర్ట్ మౌరర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ కార్నింగ్‌లో ఒక గాజు దారం, అంటే ఆప్టికల్ ఫైబర్, తీశారు. కిలోమీటరుకు కాంతి నష్టం 17 డెసిబెల్స్, అంటే కిలోమీటరు దాటాక రెండు శాతం కాంతి మిగులుతుంది. అప్పటి మామూలు గాజులో 20 మీటర్లకే ఒక శాతం మిగిలేది. ఈ దారానికి పునాది 1934లో అదే కంపెనీలో ఫ్రాంక్లిన్ హైడ్ చేసిన పని. ఇసుకను కరిగించకుండా సిలికాన్ టెట్రాక్లోరైడ్ ఆవిరిని మంటలోకి పంపితే అతి శుద్ధమైన సిలికా మసిలా పేరుకుంటుంది. మామూలు ఇసుకను బాధించే ఇనుము ఇక్కడ ఉండదు.

మంట అన్నాక నీటి ఆవిరి ఉంటుంది. ఆ నీటిలోని హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) సిలికా అల్లికలో ఇరుక్కుని, 1383 నానోమీటర్ల దగ్గర కాంతిని మింగుతుంది. పది లక్షల్లో ఒక పాలున్నా దూరాలకు పనికిరాదు. మసి ఇంకా గుల్లగా ఉండగానే 1000 డిగ్రీలకు మించిన వేడిలో క్లోరిన్ వాయువు పారిస్తే అది ఆ జాడను లాగేసుకుంటుంది. ఆ తర్వాతే గుల్లను మూసి పారదర్శకమైన గాజుగా చేస్తారు. వరస తారుమారై ముందే మూసుకుపోతే లోపల చిక్కిన నీటిని ఎవరూ బయటికి తీయలేరు.

నది ఒడ్డున పెద్ద కొలిములు ఇప్పుడు లేవు. పాత ప్లాంటు ఉన్న చోట కంపెనీ కార్యాలయం ఉంది. 1912లో కట్టిన 187 అడుగుల తెల్లని బురుజు మాత్రం నిలబడే ఉంది. జ్వరం చూసే థర్మామీటర్ల గొట్టాన్ని అందులో పైకి లాగుతూ సాగదీసేవారు. నదికి దగ్గర్లోనే ఉన్న మ్యూజియంలో 1934 మార్చిలో పోసిన మొదటి 200 అంగుళాల అద్దం గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. బోల్టులు కరిగి దిమ్మెలు తేలిపోయిన చోట గదుల గీతలు చెదిరిపోయి, గాజు గట్టి ముద్దగా కనిపిస్తుంది.